ఘట్టకుటీ ప్రభాతము

సంస్కృతమున ఘట్టకుటీ ప్రభాతన్యాయమని యొక న్యాయము గలదు. సుంకము తప్పించుకొనదలచిన వర్తకుడొకడు రాత్రియంతయు అడ్డదారుల బండి తోలుకొనిపోయి, తెల్లవారునప్పటికి సుంకపుపాక ముంగిటనే తేలెనట! పండితులు వాదములయందు ఎదుటివానిని పరిహసించుటకు దీనిని వాడుదురు. నేడు అంతర్జాలముద్వారా సరకు నమ్ముకొనజూచు చేనేతవానికి, చిన్న వర్తకునకు, ఇంటిపట్టున నుండి నాలుగు రూపాయలు గడించుకొనగోరు గృహిణికి పట్టిన దశను జెప్పుటకు ఇంతకంటె దగిన న్యాయము మాకు దొరకలేదు. భేద మొక్కటియే. న్యాయములోని వర్తకుడు రాజునకు జెల్లవలసినదానిని ఎగవేయదలచినవాడు. మనవారు అట్టివారు కారు. దూరము, దళారి, పెట్టుబడిలేమి అను మూడు పాకలను దప్పించుకొనవలెననియే వారీ క్రొత్తబాట పట్టిరి. ఆ బాటచివఱ వారికి తెల్లవారినది నాలుగవ పాక యెదుట.

ఈ బాటనుగూర్చి ప్రజలకు జెప్పబడినదేమి? అంతర్జాలపు బజారునకు పొలిమేరలు లేవనియు, పల్లెలోని మగ్గమునకును పట్టణములోని పడకటింటికిని నడుమ ఇక నెవ్వరు నుండరనియు, చేతిలో సెల్‌ఫోను గల ప్రతివాడును వర్తకుడే యనియు జెప్పిరి. ఇందు సగము నిజమైనది. 2016లో యూపీఐ విధానము వచ్చినప్పటినుండి ధనము పొలిమేరలను మఱచినది. వరంగల్లు ఖమ్మము రహదారిపై నున్న మా వర్ధన్నపేటలో టీ కొట్టువాని బల్లపై గూడ ఆ గళ్లచీటి అతికింపబడి యున్నది. కన్యాకుమారిలోనివాడు పంపిన రూపాయి లిప్తపాటున వర్ధన్నపేట చేరును. నీవే రాష్ట్రమునుండి వచ్చితివని ఆ రూపాయిని అడుగువాడు లేడు. కాని ఆ రూపాయికి బదులుగా పోవలసిన వస్తువును మాత్రము అడుగడుగున నిలిపి యడుగుదురు. ధనమునకు లేని ఎల్లలు వస్తువునకేల? పెద్ద కొట్టువానికి దగులని అడ్డు చిన్న పనివానికేల తగులవలెను? ఇదియే మేము విచారింపదలచిన విషయము.

మాట గాలిలో బోకుండ ఒక వస్తువును చేతబట్టుకొని విచారింతము. వరంగల్లు కొత్తవాడ జంపఖానాల నెఱుగని తెలుగిల్లు ఈ ప్రాంతమున అరుదు. పెండ్లిపందిటను అదే, పురాణకాలక్షేపమునకు అదే, చుట్టములు వచ్చినప్పుడు వసారాలో పఱచునది అదే. ఓరుగల్లు తివాచీలు 1851లో లండను మహాప్రదర్శనమునకు బోయి చూపఱుల మెప్పు గాంచినవి. ఆ నేతకు చుట్టమైన వరంగల్లు జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. అనగా మఱియొక చోట నేసినదానిని ఈ పేరుతో అమ్మరాదని ప్రభుత్వమే ముద్ర వేసినది. సంతోషమే. పేరును రక్షించిన ప్రభుత్వము, ఆ పేరు గల వస్తువు కొనువాని యింటి కెట్లు చేరునో గూడ విచారింపవలెను గదా!

విచారించిన తీరు చూడుడు. 2017 జులై 1న వస్తుసేవల పన్ను, జనులనునట్లు జి.యస్.టి., అమలులోనికి వచ్చెను. ఆ చట్టముప్రకారము ఏడాదికి ఇరువది లక్షల రూపాయలకు లోపుగా వ్యాపారము చేయువాడు సామాన్యముగా నమోదు చేసికొననక్కఱలేదు. చిన్నవానిని విడిచిపెట్టవలెనను ధర్మబుద్ధి అందున్నది; దానిని మేము మెచ్చుకొందుము. కాని ఆ చట్టములోనే ఇరువదినాలుగవ సెక్షను ఆ దయను వెనుకకు దీసికొన్న తావులు గలవు. వానిలో రెండు మనకు ముఖ్యము. పన్నుగల సరకును రాష్ట్రపు పొలిమేర దాటించి అమ్మువాడును, అంతర్జాలపు అంగళ్లద్వారా అమ్మువాడును ఎంత చిన్నవారైనను నమోదు కావలసినదే యని అది శాసించినది. హస్తకళావస్తువుల విషయమున మొదటి నిబంధనను 2017 సెప్టెంబరులోనే సడలించిరి. పాన్ సంఖ్యయు, సరకుతోబాటు ఈ-వే బిల్లును ఉన్నచో, ఇరువది లక్షలలోపు పనివాడు నమోదు లేకయే తన సరకును పొరుగు రాష్ట్రమున అమ్ముకొనవచ్చును. రెండవ నిబంధన మాత్రము సరకుల విషయమున ఆఱేండ్లపాటు కదలలేదు. 2023 అక్టోబరు 1 నుండి దానిని గొంత సడలించి, పాన్ సంఖ్య చూపి పోర్టలులో పేరెక్కించుకొన్న చిన్నవాడు అంతర్జాలపు అంగడిలో సరకు పెట్టవచ్చుననిరి. అయితే ఆ సరకు అతని రాష్ట్రములోనే అమ్ముడుపోవలెను. పొలిమేర దాటరాదు.

దీని ఫలితమేమి? కొత్తవాడ నేతగాడు పది జంపఖానాలు మూటగట్టి, రైలెక్కి నాగపురమునకు బోయి, ప్రదర్శనమున పఱచి అమ్ముకొన్నచో చట్టము ఊరకుండును. ఆ నాగపురపు గృహిణియే అంతర్జాలపు అంగడిలో అతని జంపఖానాను జూచి, ముచ్చటపడి, ధర చెల్లింప సిద్ధపడినచో, చట్టము లేచి నిలుచుండి "నీకు నమోదు గలదా?" యని యడుగును. వస్తువొక్కటే, నేసిన చేయి యొక్కటే, కొన్నయామె యొక్కతే, దాటిన పొలిమేర యొక్కటే. మాఱినది బేరము జరిగిన తీరు మాత్రమే. రైలుకూలి, బసకూలి, పది దినముల మగ్గపుపని పోగొట్టుకొని పోయినవానికి విడుపు. ఇంట కూర్చుండి మగ్గము నిలుపకుండ అమ్మినవానికి ముడి! మన రాజ్యాంగములోని 301వ అధికరణము భారతదేశ మంతటను వర్తకవాణిజ్యములు స్వేచ్ఛగా జరుగవలెనని చెప్పుచున్నది. ఆ స్వేచ్ఛకు సమంజసమైన హద్దులు గలవని మేమెఱుగుదుము. కాని రైలు టిక్కెట్టు కొన్నవానికి గల స్వేచ్ఛ, సెల్‌ఫోను పట్టినవానికి లేకపోవుట యే సమంజసతయో మాకు బోధపడకున్నది.

నేతగానికి గల ఆ కాస్త విడుపు గూడ వంటింటి సరకునకు లేదు. మా మండలములో మిరపకాయ దంచి కారము చేయగల యిల్లాండ్రకును, ఆవకాయ కలుపగల చేతులకును కొఱతలేదు. వరంగల్లు చపాట మిరపకు గూడ 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఆహారభద్రతాశాఖవారి యనుమతి పొంది యొక యిల్లాలు పచ్చళ్లు పెట్టి అమ్మదలచినదనుకొందము. హైదరాబాదునకు పంపవచ్చును. విజయవాడకు పంపినచో, జాడీ యొక్కటియైనను, జి.యస్.టి. నమోదు కావలసినదే. 2014 జూన్ 2కు ముందు ఈ రెండు పట్టణములు ఒక్క రాష్ట్రములోనివే. తెలంగాణము వేఱగుట ప్రజలు పోరాడి తెచ్చుకొన్న హక్కు. అందు మాకు రెండవ మాట లేదు. కాని పాలన వేఱగుట వేఱు, పచ్చడిజాడీకి పొలిమేర గీయుట వేఱు.

"నమోదునకు రుసుము లేదు గదా, చేసికొన్న నష్టమేమి?" యని యడుగు పట్టణపు విద్యావంతులు గలరు. రుసుము లేదు, నిజమే. నూతిలో దిగుటకు గూడ రుసుము లేదు! నమోదు కావలెనన్న వ్యాపారస్థలమునకు రుజువు చూపవలెను. ఇల్లు మామగారి పేరనో, మఱది పేరనో యుండును. కోడలు వారి యింటిపత్రమో, కరెంటు బిల్లో సంపాదించి, వారి సమ్మతిపత్రము వ్రాయించుకొనవలెను. నమోదైన మఱుక్షణమున ఇరువది లక్షల విడుపు పోవును. విజయవాడకు పంపిన జాడీపై మాత్రమేకాక, ఇరుగుపొరుగువారి కమ్మిన జాడీపై గూడ పన్ను కట్టవలెను. అటుపిమ్మట రిటర్నులు. అమ్మకమే లేని కాలమునకు గూడ రిటర్ను వేయవలసినదే. మఱచినచో దినమునకు 20 రూపాయల చొప్పున జాప్యపురుసుము పెరుగుచుండును. ఈ చిక్కు విప్పుటకు ఆడిటరు కావలెను. ఆడిటరునకు జీతము కావలెను. నెలకు రెండువేల రూపాయలు మిగుల్చుకొన గల యామె ఆడిటరు కెంత యిచ్చి, ఇంటికెంత తెచ్చును?

ఇచ్చట నొకమాట స్పష్టముగా జెప్పవలసియున్నది. ఈ పత్రికను జదువు గృహస్థులు స్త్రీవిద్యను గోరినవారు, వితంతువు పరులమోచేతినీరు త్రాగరాదని వాదించినవారు. స్త్రీ చేతిలో స్వార్జితమైన రూపాయి యున్నగాని ఆ వాదములకు ప్రాణము లేదని వారెఱుగుదురు. గడప దాటుటకు ఇంట అనుమతి లేని కోడలికి, పసిబిడ్డను విడిచి సంతకు బోలేని తల్లికి, చుట్టముల పంచన నున్న వితంతువునకు అంతర్జాలము ఒక కిటికీ తెఱచినది. ఆ కిటికీకి ఊచలు బిగించి, "వీధితలుపు తెఱచియే యున్నది గదా, సంతకు బొమ్ము" అను చట్టము స్త్రీపురుషులకు సమానమైన చట్టమని కాగితముపై కనబడును. ఆచరణమున అది స్త్రీని ఇంటిలోపలనే నిలుపును.

రెండవ యాక్షేపణ అధికారులది: ఈ తలుపు తెఱచినచో దొంగనమోదులు, పన్నుల యెగవేతలు పెచ్చుపెరుగునని. దీనికి జవాబు వారి చట్టములోనే యున్నది. సంతలో జరిగిన బేరమునకు సాక్షి లేడు. అంతర్జాలపు అంగడిలో జరిగిన ప్రతి బేరమునకు తేదీ, వేళ, ధర, అమ్మినవాని పేరు, కొన్నవాని యూరు వ్రాసి యుండును. నమోదైన అమ్మకందార్లనుండి ఆ అంగడివారే పన్నులో కొంతభాగము ముందుగా పట్టి ప్రభుత్వమునకు గట్టుచున్నారు. ఆ పట్టుబడి 2018 అక్టోబరునుండి నూటికి ఒక రూపాయి యుండి, 2024 జులైలో అర్ధరూపాయికి దిగినది. ఇరువది లక్షల హద్దును ఎవ్వడు ఎప్పుడు దాటునో సంతలో గనిపెట్టుట దుస్సాధ్యము, ఇచ్చట సుసాధ్యము. అయినను గనిపెట్టలేని చోట నమ్మకము, గనిపెట్టగల చోట అనుమానము! ఇది దొంగను బట్టుటకు దీపము లేని వీధిని విడిచి, దీపమున్న వీధిలో కాపలా పెట్టుటవలె నున్నది.

పొలిమేరల విచిత్ర మింతటితో ముగియలేదు. 2019 ఏప్రిల్ 1 నుండి సరకు లమ్మువారికి నమోదు హద్దును నలువది లక్షలకు బెంచుకొను స్వేచ్ఛ రాష్ట్రములకు గలిగినది. ఆంధ్రప్రదేశము పెంచుకొన్నది, తెలంగాణము ఇరువది లక్షలవద్దనే నిలిచినది. హైదరాబాదు విజయవాడ రహదారిపై కోదాడ మన ప్రక్కను, జగ్గయ్యపేట ఆ ప్రక్కను ఉన్నవి. ముప్పది లక్షల వ్యాపారము చేయు చెప్పుల కొట్టువాడు జగ్గయ్యపేటలో నున్నచో చట్టమునకు చిన్నవాడు, కోదాడలో నున్నచో పెద్దవాడు. ఏ లెక్కచొప్పున కోదాడవాడు పెద్దవాడైనాడో మన రాష్ట్రపు పెద్దలు జనులకు చెప్పవలెను.

సంస్కరణము అసాధ్యమని యెవరైన ననినచో వారికి మా జిల్లాలోని ఎనుమాముల మార్కెట్టునే చూపుదుము. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అను జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్టును ప్రారంభించినప్పుడు, అందు జేరగోరు రాష్ట్రములు మూడు పనులు చేయవలెనని షరతు పెట్టిరి. కంప్యూటరుపై వేలమునకు చట్టము ఒప్పుకొనవలెను. వ్యాపారికి రాష్ట్రమంతటికి నొక్క లైసెన్సు చాలవలెను. మార్కెట్టు రుసుము ఒక్కచోటనే వసూలు కావలెను. అనగా యంత్రము తెచ్చుటకు ముందే పాకలను తగ్గింపుడనిరి. ఈ-నామ్ రైతుకు చెప్పినంత మేలు చేసినదా యనునది వేఱొక చర్చ. కాని మార్గము సరియైనది. యంత్రము క్రొత్తదైనంత మాత్రమున బజారు క్రొత్తది కాదు. పాత పాకలు తొలగినగాని క్రొత్త బాటకు అర్థము లేదని అచ్చట గుర్తించిరి. మిరప బస్తాకు గుర్తించిన సత్యమును కారపుపొడి పొట్లమునకు గుర్తింపరేల?

ఈ వ్యాధి మనకొక్కరికే వచ్చినది కాదు. ఆఫ్రికా ఖండమున దీని లక్షణములు మఱింత స్పష్టముగా గనబడుచున్నవి. ఆఫ్రికా యనగానే పెదవివిఱచు చదువరులు కొందఱు గలరు, వారికొక మాట. సెల్‌ఫోనుద్వారా ధనము పంపుకొను పద్ధతిని సామాన్యజనులకు అలవఱచి చూపిన కెన్యాదేశపు ఎం-పెసా 2007లో వచ్చినది; మన యూపీఐ అప్పటికి తొమ్మిదేండ్ల దూరమున నున్నది. ముందు నడచినవాడు ఎచ్చట జారిపడెనో చూచుకొని నడచుట వెనుకవానికి లాభమేకాని లఘుత్వము కాదు.

ఉగాండాదేశము 2018 జులైలో వాట్సాప్, ఫేస్‌బుక్ మున్నగువానిని వాడుకొను ప్రతివాడును దినమునకు 200 షిల్లింగులు కట్టవలెనని శాసించెను. అమ్మిన సరకుపై గాదు, వచ్చిన లాభముపై గాదు. బజారులో కాలుపెట్టినందులకే పన్ను! దానితోబాటు సెల్‌ఫోను ధనముపై నూటికొకటి చొప్పున వేసిన పన్నును జనుల గగ్గోలునకు ఆ యేడే సగమునకు దించి, ధనము వెలికిదీయునప్పటికి పరిమితము చేయవలసివచ్చెను. దినపుపన్నును 2021లో ఎత్తివేసి, దానికి బదులుగా అంతర్జాలపు డేటాపై నూటికి 12 వంతుల సుంకము వేసిరి. ఘనాదేశము 2022 మేలో సెల్‌ఫోను ధనప్రేషణలపై నూటికి ఒకటిన్నర వేసి, మఱుసటి యేడు ఒకటికి దించి, 2025 ఏప్రిల్‌లో రద్దుచేసికొనెను. టాంజానియా 2018లో అంతర్జాలమున వ్రాతలు ప్రకటించువారు తొమ్మిదివందల డాలర్లకు పైబడిన రుసుము చెల్లించి లైసెన్సు పొందవలెననెను. నైజీరియా 2021 జూన్ మొదలు 2022 జనవరి వఱకు ట్విట్టరును మూసివేసెను. దానిపై గిరాకులను వెదకుకొను చిన్న వర్తకుల గతి ప్రభుత్వముల కలహమునకు బలియైనది. వీనియన్నిటియందు నొక్క పొరపాటే గనబడుచున్నది. వర్తకము ఎదుగకముందే గుమ్మమున గూర్చుండి వసూలుచేయ జూచుట. విత్తనము మొలకెత్తకముందే పంటలో పాలు అడుగు భూస్వామి తీరు అది.

మూసివేతల విషయమున మనము ఆఫ్రికావారిని వ్రేలెత్తి చూపుటకు వీలులేదు. 2019 ఆగస్టున జమ్మూకాశ్మీరమున అంతర్జాలమును నిలిపివేసిరి. వేగముగల సేవ పూర్తిగా మరల వచ్చుటకు 2021 ఫిబ్రవరి వచ్చినది. ఆ వ్యాజ్యమున 2020 జనవరి 10న సుప్రీంకోర్టువారు చెప్పిన మాట గుర్తుంచుకొనదగినది: అంతర్జాలముద్వారా వర్తకము చేసికొను స్వేచ్ఛ గూడ రాజ్యాంగరక్షణ గలదే యనిరి. ఆ రక్షణ ఉపద్రవకాలమునకు మాత్రమేనా, నిత్యవ్యవహారమునకు వర్తింపదా?

ఇక ఆఫ్రికావారి రెండవ ముఖము చూడుడు. వారి పొలిమేరలలో పెక్కు పరులు గీసినవి; 1884-85లో బెర్లినులో సమావేశమైన యూరపు రాజ్యములు ఆ ఖండమును పంచుకొనుటకు నియమములు వ్రాసికొన్నవి. నేడచ్చట 55 రాజ్యములు, వేఱువేఱు నాణెములు, భాషలు, చట్టములు. ఒక రాజ్యమునుండి పొరుగు రాజ్యమునకు ధనము పంపవలెనన్న డాలరుగా మార్చి సముద్రములకావలి బ్యాంకులను ఆశ్రయించు దుర్గతి చాలకాలము గలదు. అట్టివారు 2018 మార్చిలో కిగాలీనగరమున ఒక ఖండమున కొక్క బజారను ఒడంబడికను వ్రాసికొనిరి. అది 2019 మే 30న అమలునకు వచ్చెను. ఒక్క ఎరిత్రియా తప్ప తక్కిన 54 రాజ్యములు సంతకము చేసినవి. 2022 జనవరిలో తమ నాణెములతోనే పరస్పరము చెల్లించుకొను పద్ధతిని ప్రారంభించిరి. 2024 ఫిబ్రవరిలో అంతర్జాల వర్తకమునకు ప్రత్యేకముగా నొక ఒడంబడికను ఆమోదించిరి. సంతకము సులభము, ఆచరణము కష్టము; వారికింకను చాలదూరము గలదు. కాని నడక యే దిక్కునకు జూడుడు. 54 స్వతంత్రరాజ్యములు ఒక్క బజారు కాదలచినవి. ఒక్క రాజ్యాంగము, ఒక్క నాణెము, ఒక్క పన్నుచట్టము గల మనము మాత్రము చిన్న పనివానిని 28 రాష్ట్రముల పొలిమేరలవద్ద నిలిపి ప్రశ్నించుచున్నాము.

బలవంతుల తలుపులు మాత్రము తెఱచియున్నవనుకొనరాదు. అమెరికాలోని బిడ్డలకు పచ్చళ్లు, పొడులు పంపు తెలుగు గృహములన్నిటికి ఇది అనుభవములోనిదే. 800 డాలర్లలోపు పొట్లములకు చిరకాలముగా నున్న సుంకపు విడుపును అమెరికా ప్రభుత్వము 2025 ఆగస్టు 29 నుండి నిలిపివేసెను. లెక్కలు తేలనందున మన తపాలాశాఖ అమెరికాకు బోవు పొట్లములను నిలిపి, అక్టోబరు 15న గాని మరల దీసికొనలేదు. పరదేశపు తలుపు తెఱచుట మన చేతిలో లేదు. కావుననే మన యింటిలోని తలుపులను మనము మూసికొనుట మఱింత అవివేకము.

మా వాదమును విని, నియమములే వలదనువారు మమ్ము తమవానిగా భావింపగలరు. మేము వారితో గలియము. నియమములు లేని బజారు పెద్దచేపల చెఱువు. విదేశపు పెట్టుబడితో నడచు అంతర్జాలపు అంగడి, తనకు వాటాలు గల సంస్థల సరకును తానే అమ్ముకొనరాదని మన ప్రభుత్వము 2018 డిసెంబరులో పెట్టిన ఆంక్ష న్యాయమైనది. కెన్యా, తన దేశమున కొట్టుగాని కచేరిగాని లేకయే అంతర్జాలముద్వారా ధనము గడించు విదేశీ సంస్థలనుండి పన్ను రాబట్ట జూచుటయు న్యాయమే. కొన్నవానికి మోసము జరుగరాదు; వాని సమాచారము అంగడిసరకు గారాదు. మేమడుగునది నియమములేమి కాదు, నియమములకు న్యాయమైన బరువు. ఏనుగునకు దగిన గొలుసును మేకకు దగిలించి, రెండింటికి సమానముగా గొలుసు వేసితిమని చెప్పుట సమత్వము కాదు.

ఈ వివేకము మనకు క్రొత్తదికాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున శుల్కాధ్యక్షునకు ప్రత్యేకముగా విధులు చెప్పెను. సుంకపుశాలను నగరద్వారమువద్ద, ధ్వజము గట్టి, అందఱికి గనబడునట్లు నిలుపవలెననెను. వివాహమునకు, యజ్ఞమునకు, పురుటికి పోవు వస్తువులకు సుంకము వలదనెను. దేశమునకు మహోపకారియైన సరకును సుంకములేకయే రానిమ్మనెను. దయాదాక్షిణ్యములకు బేరుబడని కౌటిల్యుడే యింత విడుపు నిచ్చెను!

మన ఓరుగంటిలోనే ఇంతకంటె దొడ్డ నిదర్శనము గలదు. కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. అంతకుముందు రాజులు, గాలివానకు జిక్కి ఒడ్డునబడిన ఓడలలోని సరకునంతయు లాగుకొనెడివారు. ప్రాణముకంటె ధనము ప్రియమని తలచి సముద్రము దాటివచ్చిన వర్తకుల కష్టమును దలచి, నిర్ణీతమైన శుల్కము దప్ప మఱేమియు దీసికొనమని గణపతిదేవుడు వారికి మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకవంతు అని సుంకమును ఱాతిపై జెక్కించెను. రెడ్డిరాజగు అనపోతారెడ్డి 1358లో ఆ రేవుననే మరల శాసనము వేయించునప్పుడు తెలుగుతోబాటు తమిళమున గూడ వ్రాయించెను. వచ్చు వర్తకునకు తెలియు భాషలో నియమముండవలెనని ఆతడెఱుగును. నిర్ణీతమైన సుంకము, అందఱికి గనబడు చోట ఱాతివ్రాత, వర్తకునకు దెలియు భాష, ఆపదలో నున్నవానిని దోచుకొనమను మాట: ఈ నాలుగును అంతర్జాలపు రేవునకు గూడ నాలుగు స్తంభములు కావలెను.

కావున మేము కోరునవి యివి. ఒకటి: ఇరువది లక్షలలోపు చేతిపనివారికి, గృహపరిశ్రమలవారికి 2023లో రాష్ట్రములోపల నిచ్చిన విడుపును దేశమంతటికి బెంచవలెను, పాన్ సంఖ్యయు పోర్టలులో పేరును చాలవలెను. 2025 సెప్టెంబరున జి.యస్.టి. మండలివారు పెక్కు రాష్ట్రములలో అంతర్జాలపు అంగళ్లద్వారా అమ్ము చిన్నవారికి సులభమైన నమోదు పద్ధతిని సూత్రప్రాయముగా అంగీకరించిరి. మంచిదే, కాని సులభమైన నమోదు గూడ నమోదే. సూత్రము భాష్యముగా, భాష్యము ఆచరణముగా మాఱునప్పుడు చిన్నవానికి రిటర్నుల బరువు తప్పవలెను. రెండు: తెలంగాణమున హద్దును నలువది లక్షలకు బెంచవలెను. మూడు: నియమములు, పోర్టలు, సందేహములకు సమాధానములు చక్కని తెలుగున నుండవలెను. నాలుగు: నియమము మాఱినప్పుడు ముందుగా చాటింపవలెను, మొదటి యేడు తప్పు చేసినవానికి తాఖీదు గాక, తప్పు దిద్దు మార్గము చూపవలెను.

జి.యస్.టి. మండలిలో మన రాష్ట్రపు మంత్రికి స్థానము గలదు. అచ్చట పెద్ద సంఘములవారి విన్నపములు చేరును. కొత్తవాడ మగ్గపుగుంటనుండి, వర్ధన్నపేట వంటింటినుండి విన్నపము చేరదు. సుంకరివద్ద సుఖదుఃఖములు చెప్పుకొన్నట్లగునని మన పెద్దలు సామెత చెప్పిరి. అది రాజులకాలపు సామెత. నేటి సుంకరిని నియమించునది మన వోటు. కావున చదువరులు ఈ విషయమును తమ శాసనసభ్యుని ముందును, పార్లమెంటు సభ్యుని ముందును పెట్టవలెను, మహిళాసంఘములలో చర్చింపవలెను, చదువుకొన్నవారు చదువురానివారి పక్షమున ఉత్తరములు వ్రాయవలెను. ఉత్తరము వ్రాయుటకు ఆడిటరు అక్కఱలేదు.

ఓరుగంటి రాజు ఏడున్నర శతాబ్దములకు పూర్వమే, ఎన్నడు ముఖమెఱుగని పరదేశి వర్తకునకు అభయము నిచ్చెను. ఓరుగంటి నేతగానికి, ఓరుగంటి యిల్లాలికి వారి దేశములోనే ఆ అభయము కావలెనని మేమడుగుచున్నాము. అంతకంటె ఎక్కువ యడుగుట లేదు.